కొండప్ప గీసిన చెట్టు

మానును చూసి మనిషిని చెప్పడం నేను మానలేకపోయిన రోజులవి. పంతొమ్మిది వందల ఎనభై ఒకటి. మదనపల్లెలో ఒక హైస్కూలులో డ్రాయింగు మాస్టరుగా ఉండేవాణ్ణి. పిల్లలకు గీతలు నేర్పమని జీతమిస్తే, పెద్దల తలరాతలు చెప్పే పనికి ఎగబడ్డాను.

ఈ రోగం నాకు అంటించినవాడు అలావుద్దీన్. బెంగుళూరు రోడ్డులో అతనికి పుస్తకాలు బైండు చేసే చిన్న అంగడి ఉండేది. ఎవరిదో పాత బంగళా ఖాళీ చేస్తుంటే మూటగా కొన్న పుస్తకాల్లో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి అతనికి దొరికింది. మనిషి చేత ఒక చెట్టు బొమ్మ గీయించి, దాని కింద నాలుగు వరుసలు రాయించి, ఆ బొమ్మనూ ఆ రాతనూ బట్టి వాడి గుణం చెప్పడం ఎలాగో అందులో ఉంది. "బొమ్మలుండాయప్పా, నీకు పనికొస్తాది" అని తెచ్చి నా చేతిలో పెట్టాడు. అట్ట లేని ఆ పుస్తకమే నాకు పట్టం కట్టింది.

స్టాఫ్ రూములో మొదలుపెట్టాను. చెట్టు మొదలు చూసే మొదలుపెట్టాలని పుస్తకంలో ఉంది మరి. మా గుమాస్తా ఇంత లావు కాండం గీసి దానికి రెండే రెండు ఆకులు తగిలిస్తే, "నీదంతా కాండమే గానీ ఫలశ్రుతి లేదయ్యా" అన్నాను. కొబ్బరిచెట్టు గీసిన హెడ్మాస్టరును "ఎత్తు జాస్తి, నీడ నాస్తి" అన్నాను, ఆయన గదిలో లేనప్పుడు. సైన్సు మాస్టరు చెట్టుకు వేళ్లు గీయకపోతే, "వేరు లేదంటే వేరు కాపురం తప్పదు" అన్నాను. నెల తిరక్కుండానే ఆయన అన్నదమ్ములు విడిపోయారు. దాంతో నా పేరు ఊళ్లు దాటింది. పెద్దతిప్పసముద్రం నుంచి, పెద్దమండ్యం నుంచి కూడా కాగితాలు మడిచి పట్టుకుని వచ్చేవాళ్లు. నవ్విస్తూ చెబుతున్నాను కదా, నవ్వినవాళ్లు నమ్మరులే అని నా ధీమా. జనం నవ్వుతూ కూడా నమ్మగలరని అప్పటికి నాకు తెలియదు.

అలా వచ్చినవాళ్లలో ముద్దుకృష్ణ ఒకడు. పుంగనూరులో ఆయనకు పట్టు తీసే షెడ్డు ఉంది. పట్టుగూళ్లను ఉడుకునీళ్లలో వేసి, దారం లాగి, చరకాలకు చుట్టే పని. నలభై మంది ఆడవాళ్లు చేస్తారు. పేరులో తప్ప మనిషిలో ముద్దు ఎక్కడా కనిపించలేదు. బల్ల మీద రెండు కాగితాలు పరిచాడు.

"మా మేస్త్రీ మానుకున్నాడు సార్. ఆ కుర్చీకి ఇద్దరుండారు. ఒకడు బాలప్ప, ఇంగొకడు కొండప్ప. ఇద్దరి చేతా చెట్లు గీయించినాను. ఎవరు ఎట్లాంటోడో మీరు రాసిస్తే, దాన్నిబట్టి కూసోబెడతా."

బాలప్పది మామిడిచెట్టు. ఆకులు, కాయలు, ఒక చిలక కూడా ఉంది. గుండ్రటి అక్షరాలు. మూడు ముక్కల్లో తేల్చేశాను: మంచివాడు, మెత్తనివాడు, నమ్మవచ్చు.

కొండప్ప కాగితం చూసి నా నోరు ఆగింది. ఆగడం నా నోటికి అలవాటు లేదు. నేలలోంచి జానెడు మొద్దు లేచింది. దాని తల ముడులు ముడులుగా, బిగించిన పిడికిలిలా ఉంది. ఆ పిడికిట్లోంచి ఏడెనిమిది చువ్వలు నిటారుగా పైకి. ఒక్క ఆకు లేదు, ఒక్క పిందె లేదు. కింద రాసిన నాలుగు వరుసలూ ఎంత నొక్కి రాశాడంటే, కాగితం తిప్పి వేలితో తడిమితే అక్షరాలు గుచ్చుకున్నాయి. రెండుచోట్ల చిరిగింది కూడా. తల నరికిన చెట్టు గురించీ, నొక్కి రాసే చెయ్యి గురించీ పుస్తకంలో రెండు పేజీలున్నాయి. చదివితే ఒళ్లు జలదరించింది. జలదరించింది కాబట్టి ఉత్సాహం వచ్చింది. డ్రాయింగు షీటు తీసి, బోర్డులు రాసే పొందికైన అక్షరాలతో, ఎర్ర ఇంకుతో ఇలా రాశాను:

"ఈ చెట్టుకు తల లేదు, పిడికిలి ఉంది. ఈ మనిషి మెత్తగా మాట్లాడతాడు. పరుపే కదా అని పడుకోవద్దు, అడుగున మేకులున్నాయి. పరాయివాళ్ల జోలికి పోడు. చెయ్యి లేచిన రోజున దగ్గరివాళ్ల మీదే లేస్తుంది. లేస్తుందా అన్నది ప్రశ్న కాదు, ఎప్పుడన్నదే ప్రశ్న."

రాసి ఒకసారి పైకి చదువుకున్నాను. భలే ఉందనిపించింది. ఆ మనిషిని నేను చూడలేదు. చూడాలని కూడా తోచలేదు.

ముద్దుకృష్ణ దాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి బాగా నెమ్మదిగా చదివాడు. నవ్వుతాడని చూశాను, నవ్వలేదు. "శానా బాగుండాది సార్" అని నలగకుండా చుట్టి చంకలో పెట్టుకుపోయాడు. బొమ్మ కాగితాలు మాత్రం నా దగ్గరే మిగిలాయి. కుర్చీ బాలప్పదేనని అనుకుని ఆ సంగతి మరిచిపోయాను.

నాలుగు నెలలకు, మధ్యాహ్నం బెల్లు కొట్టాక, స్కూలు వరండాలో ఒకామె నా కోసం నిలబడి ఉంది. భుజం మీద రెండేళ్ల ఆడపిల్ల నిద్రపోతోంది.

"చెట్టు జూసి చెప్పే అయివోరు మీరేనా?"

"నేనేనమ్మా. కాగితం తెచ్చావా?"

"మీరిచ్చిన కాగితమే శాలు. ఇంగొకటి యాల?" అంది. "నేను కొండప్ప పెండ్లాన్ని. మారెమ్మ."

శాంతిపురం పక్క ఊరివాడని, ముందు పట్టుగూళ్ల మార్కెట్టులో చీటీలు రాసేవాడని ఆమె చెబుతుంటే పేరు మెల్లగా గుర్తొచ్చింది.

"మీరు రాసిండేదానికి ముద్దుకృష్ణ అద్దమేసి పటం కట్టించినాడు అయివోరా. షెడ్డులో మా ఆయన కుర్చీ పైన తగిలించినాడు."

"కుర్చీ బాలప్పకు కదా రావలసింది? మంచివాడని రాశానే!"

"మంచోడైతే ఆడోళ్లు మాట ఇంటారా అన్నాడంట. నాకు ఇట్లాంటోడే కావల్ల అని మా ఆయన్ను కూసోబెట్టినాడు. మొదటిరోజు నలభై మందినీ నిలబెట్టి, మీరు రాసింది సదివి ఇనిపించినాడు. నేనూ ఆ షెడ్డులోనే చరకా తిప్పేదాన్ని. నేనూ ఇన్నాను."

నవ్వించే మాట ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

"నిన్ను కొట్టాడా?"

"లేదు. ఇంతవరకు లేదు." ఆ 'ఇంతవరకు' అనేటప్పుడు పిల్లను భుజం మీద సర్దుకుంది. "ముందు మాదిరి మాట్లాడడు. పెడితే తింటాడు. నేను పనిలో ఉంటే నన్నే సూస్తా కూసుంటాడు. బయపడినానా లేదా అని సూస్తాడు. నేను ఉలిక్కిపడితే లోపల్లోపల నవ్వుకుంటాడు. పోయిన వారం షెడ్డులో ఒక పిల్ల ఊరికూరికే దారం తెంపతాందని, పోయి దాని ఎనకాల నిలబడుకున్నాడు. అంతే. ఒక్క మాట అనలే. ఆ పిల్ల ఆ బయంలో చెయ్యి మొత్తం ఉడుకునీళ్లలో పెట్టేసుకునింది. తోలు ఊడొచ్చింది అయివోరా."

వరండాలో పిల్లలు గోలగోలగా అన్నం గిన్నెలు తెరుస్తున్నారు. ఆమె గొంతు తగ్గించింది.

"మనిషి లోపల ఏముండాదో కాగితం జూసి చెప్పినారు మీరు. నాకు ఒక్క మాట చెప్పండి. ఈ బిడ్డను పెట్టుకుని నేను ఆ ఇంట్లో ఉండొచ్చునా, కుప్పంలో మాయమ్మ దగ్గరికి పొయ్యేదా?"

నా దగ్గరికి వచ్చి ఇంత సూటిగా అడిగినవాళ్లు లేరు. అందరూ సరదాకు అడిగారు, నేను సరదాకు చెప్పాను.

"ఆదివారం పుంగనూరు వస్తాను. మనిషిని చూసి చెబుతాను" అన్నాను.

"మధ్యాన్నం కుప్పం బస్సుండాది. బస్టాండులో ఉంటాను. ఎక్కమంటే ఎక్కుతా. ఇంటికి పొమ్మంటే పోతా."

సాయంత్రం బొమ్మ కాగితం పట్టుకుని అలావుద్దీన్ అంగడికి పోయాను. అతను జిగురు చేతులు తుడుచుకుని, కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చూసి, పెద్దగా నవ్వాడు.

"అరె, మల్బరీ కదప్పా ఇది! కొట్టేసిన మల్బరీ!"

"మల్బరీ నాకు తెలీదా? పచ్చగా నడుమెత్తు ఉంటుంది. బస్సులో పోతూ ఎన్నిసార్లు చూళ్లేదు?"

"బస్సులోంచే గదా నువ్వు సూసింది. మా చెల్లెలు మైమూన్ బీని ఇచ్చింది శాంతిపురం పక్కన. వాళ్లకు రెండెకరాల తోట. పురుగుల మేతకని మొద్దుకు కోసేస్తారు. మళ్లీ ఇట్లే చువ్వలు లేస్తాయి. మళ్లీ కోస్తారు. కోసీ కోసీ తలకాయ ఇట్లే ముడులు పడతాది. ఈ కొండప్పది యా ఊరు?"

"శాంతిపురం పక్కనేనట."

"ఇంగేముండాది? పుట్టినప్పట్నుంచి వాడికి చెట్టంటే ఇదే. మామిడిచెట్టు ఎందుకు గీస్తాడు?"

"మరి ఆ రాత? కాగితం చిరిగేలా నొక్కాడే?"

"ముందు ఏం పని జేసేవాడు?"

మారెమ్మ చెప్పింది గుర్తొచ్చింది. పట్టుగూళ్ల మార్కెట్టులో తూకం చీటీలు రాసేవాడు.

"చీటీకి మూడు కాపీలప్పా. కార్బన్ పెట్టి రాస్తే అడుగుదానికి దిగల్ల. నొక్కకపోతే ఎట్ల? పదేండ్లు అట్ల రాసినోడి చెయ్యి ఇంగెట్ల రాస్తాది?" అలావుద్దీన్ కాగితం నా చేతికిచ్చాడు. ఇప్పుడు నవ్వడం లేదు. "పుస్తకం రాసినోడు మల్బరీ సూసుండడు. నువ్వు సూసుండొచ్చు కదా, శ్రీరాములూ."

ఆ మాట గుచ్చుకున్నా, మనసు తేలికపడింది. తప్పు నాది. తప్పు నాదైతే మనిషిలో తప్పు లేనట్టే కదా. ఆదివారం పోయి చెప్పేస్తే పటం దిగుతుంది, మారెమ్మ ఇల్లు నిలుస్తుంది. బస్సులో కూర్చుని చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాను. 'కోసింది చెట్టును, కోపిష్టిని చేసింది కొండప్పను' లాంటివి. దారి పొడుగునా కోసేసిన తోటలే. ఆకు లేని పిడికిళ్లు బారులు బారులుగా నేలలోంచి లేచి ఉన్నాయి. ఇన్నేళ్లు ఎలా కనిపించలేదో నాకు.

ఆదివారమైనా ముద్దుకృష్ణ షెడ్డులో గూళ్లు ఉడుకుతూనే ఉన్నాయి. ఉడికిన పురుగుల వాసన వీధి మొగలోనే ముక్కుకు తగిలింది. లోపల ఆవిరి. ఆవిరిలో వరసలుగా ఆడవాళ్లు, తిరిగే చరకాలు. నలభై మంది ఆడవాళ్లున్న చోట ఒక్క మాట వినిపించడం లేదు. నలుగురు మగవాళ్లే గోలెత్తించే స్టాఫ్ రూములో బతికేవాణ్ణి, ఆ నిశ్శబ్దం నా చెవులకు కొత్తగా ఉంది. ఎదురుగోడకు, ఖాళీ కుర్చీ పైన, నా ఎర్ర అక్షరాలు అద్దంలో మెరుస్తున్నాయి. పటానికి పూలదండ ఒక్కటే తక్కువ.

ముద్దుకృష్ణ పక్కగదిలో ఉన్నాడు. నేను మల్బరీ సంగతీ కార్బన్ సంగతీ చెబుతుంటే ఆయన దారం కండె ఒకటి వేళ్ల మధ్య తిప్పుతూ విన్నాడు.

"తప్పంటారా?"

"పూర్తిగా తప్పు. ఆ పటం దించండి."

"యాల దించల్ల సార్? బాలప్ప కుర్చీలో ఉండుంటే ఈ నాలుగు నెలలు గొంతు చించుకోని అరిసేవాడు. కొండప్ప నోరే తెరవడు. దారం తెగేది లేదు, మాటలు లేవు, ఆలస్యంగా వచ్చేది లేదు. మీ కాగితం మా షెడ్డులో పదిమంది మేస్త్రీల పని చేస్తాండాది."

"ఒక పిల్ల చెయ్యి కాలిందట కదా."

"అది దాని చెయ్యి, అది పెట్టుకునింది. కొండప్ప తాకినాడా?" కండెను బల్ల మీద పెట్టాడు. "తప్పో ఒప్పో మీ పుస్తకం సంగతి. నాకు పని జరగల్ల. వాణ్ణే పిలుస్తా, వాడికే చెప్పుకోండి."

కొండప్ప వచ్చాడు. నేను కొండంత మనిషిని ఊహించుకున్నాను. సన్నటి మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో, తల నున్నగా దువ్వుకున్నాడు. రెండు చేతులూ జోడించి, "నమస్కారం సార్. మిమ్మల్ని సూడల్లని శాన్నాళ్లుగా అనుకుంటాండాను" అన్నాడు. ఎంత మెత్తటి గొంతో. ముద్దుకృష్ణ లేచి, మా ఇద్దరినీ వదిలి బయటికి పోయాడు. తలుపు దగ్గర కొండప్పకు తగలకుండా గోడ వారగా జరిగి పోయాడు. అది చూశాను.

నేను చెప్పవలసిందంతా చెప్పాను. కూర్చుకున్న చమత్కారాలు ఒక్కటీ నోటికి రాలేదు. మామూలు మాటలతో, తడబడుతూ, "నువ్వు గీసింది మల్బరీ. నాకు తెలియక ఏదో రాశాను. నీలో అలాంటిది ఏమీ లేదు" అన్నాను.

"తెలుసు సార్" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మల్బరీ గీసినానని నాకు తెలీదా? మొదటిరోజు పటం సదవతా ఉంటే నాకు నవ్వొచ్చింది. ఈ సారెవరో మల్బరీ సూడలేదే అనుకున్నా. ఇంటికి పోయి మారెమ్మకు చెప్పి నవ్వల్లనుకున్నా." కిటికీలోంచి చరకాల వైపు చూస్తున్నాడు. "ఇంట్లోకి పోతానే బిడ్డను ఎత్తుకున్నా. మారెమ్మ పరిగెత్తుకోని వచ్చి నా చేతుల్లోంచి బిడ్డను లాక్కునింది. ఎనిమిదేండ్లు నాతో కాపురం చేసిన మనిషి సార్. మీ కాగితం ఇన్నది ఒక్కసారి. ఇంగ నేనేం చెప్పేది?"

"ఇప్పుడు చెప్పు. నేనూ చెబుతాను."

"చెప్తే ఏమైతాది?"

"భయం పోతుంది."

"పోతే ఏం మిగుల్తాది?" నా వైపు తిరిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "పదేండ్లు మార్కెట్లో చీటీలు రాసినా. ఎవడైనా వచ్చి నా భుజం మీద చెయ్యేసి పక్కకు జరిపేవాడు. రైతు జరిపేవాడు, బ్రోకరు జరిపేవాడు. ఇప్పుడు నేను నడుస్తాంటే జనమే జరుగుతాండారు. మా యజమాని కూడా జరిగినాడు, సూసినారు గదా. ముందు నాకూ బాధగా ఉండె. తర్వాత అలవాటైంది. ఇప్పుడు..." చిన్నగా నవ్వాడు. "ఇప్పుడు ఎవరైనా బయపడకపోతే నాకు ఎట్లెట్లనో ఉంటాది సార్. చేతులు తిమ్మిరెక్కతాయి. ఇంతకుముందు ఇట్ల ఉండేది కాదు. దీనికి మీ పుస్తకంలో ఏమన్నా ఉండాదా?"

లేదన్నాను.

"పటం ఉండనీండి" అన్నాడు, బతిమాలుతున్నట్టు. "మల్బరీ సంగతి ఎవరికీ చెప్పొద్దండి. నేను అడిగేది అంతే."

ఆ కుర్చీలో అతను కూర్చోవడానికి పోతుంటే, అతని చూపు పడిన వరసలో తలలు ఒక్కొక్కటే వంగడం చూశాను. గాలి కొడితే పైరు వంగినట్టు. ఒక పిల్ల చేతికి మోచేతి దాకా గుడ్డ చుట్టి ఉంది. ఆమె ఒంటిచేత్తో దారం పడుతోంది.

బస్టాండుకు నడుస్తుంటే ఎండ మాడుతోంది. మారెమ్మ కుప్పం బస్సు పక్కన, చిన్న మూటతో నిలబడి ఉంది. పిల్ల చేతిలో బొరుగుల పొట్లం. డ్రైవరు అప్పటికే ఎక్కి కూర్చున్నాడు.

"సూసినారా?"

"చూశాను. నేను రాసింది తప్పమ్మా. అతను గీసింది మీ ఊరి మల్బరీ. నాకు తెలియక..."

"కాగితం సంగతి వద్దు అయివోరా." నా మాటను మధ్యలోనే ఆపింది. "కాగితంలో లేదంటే నాకేమొచ్చె? ఇప్పుడు మనిషిని సూసినారు. ఉండనా, పోదునా?"

కండక్టరు బస్సు పక్కన తట్టాడు. ఎన్ని వందల మందికి, ఎంత ధారాళంగా చెప్పానో! చెట్టు లేదు, రాత లేదు, పుస్తకం లేదు. తలుపు దగ్గర గోడ వారగా జరిగిన ముద్దుకృష్ణ గుర్తొచ్చాడు. తిమ్మిరెక్కే చేతులు గుర్తొచ్చాయి.

"బస్సెక్కమ్మా" అన్నాను.

 ఆమె పిల్లను నా చేతికిచ్చి, ఎక్కి, మళ్లీ అందుకుంది. బస్సు కదిలి పలమనేరు దారి పట్టేదాకా చూసి వెనక్కి తిరిగాను.

టీ అంగడి చూరు కింద కొండప్ప నిలబడి ఉన్నాడు. షెడ్డు నుంచి నా వెనకే వచ్చి ఉండాలి.

"ఇంత దూరం వచ్చినారు, టీ కూడా తాగకుండా పోతారా సార్? రండి" అన్నాడు. బల్ల మీద దుమ్ము తన తువ్వాలతో తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. పక్కనే తనూ కూర్చున్నాడు. అంతవరకూ ఆ బల్ల మీద ఉన్న ఇద్దరు గ్లాసులు పట్టుకుని లేచిపోయారు.

"మారెమ్మను ఎక్కమన్నది మీరేనా?"

కాదని అనబోయాను. తల మాత్రం అవునని ఊగింది.

"నేను దాన్ని ఒక్క దెబ్బ కొట్టిండానా?"

"లేదు."

"మీ కాగితం తప్పని ఇందాక మీరే గదా చెప్పినారు?"

"అవును."

"మరి దేన్ని సూసి ఎక్కమన్నారు సార్?" గొంతు ఏ మాత్రం లేవలేదు. టీ గ్లాసు నా ముందుకు జరిపాడు. "తాగండి, సల్లారిపోతాది."

తాగాను. నాలుక కాలింది, చల్లార్చుకోవాలని కూడా తోచలేదు.

"కుప్పంలో వాళ్లమ్మ ఇల్లు నాకు తెలుసు" అన్నాడు. "రేపు షెడ్డుకు సెలవు పెట్టి పోతాను. పిలిస్తే వస్తాది."

"రాకపోతే?"

 కొండప్ప ముఖంలో నా మీద కోపం కనిపించలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, దాంట్లోకి చూస్తూ, చాలాసేపు నిజంగానే ఆలోచించాడు. ఆ సంగతి తనకూ ఇంకా తెలియదన్నట్టు.

తర్వాత తలెత్తి, ఇంకో రెండు టీలు చెప్పాడు. మదనపల్లె బస్సుకు ఇంకా గంటంబావు ఉంది.